నోరు తెరిస్తే పాఠమే



పళ్లూడగొట్టుకోవడానికి ఏ రాయైతేనేం అన్నారు పెద్దలు. బడిలో తెలుగు మాస్టారుగా ఈ సామెతను ముప్పై ఏళ్లకు పైగా చెప్పాను. సొంత వాక్యంలో ప్రయోగించమని ఎందరో పిల్లల్ని వేధించాను. రిటైరైన మూడో ఏట దాన్ని నా మీదే ప్రయోగించుకోవలసి వచ్చింది. ఆ కథే ఇవాళ మీకు చెబుతాను. కథతో పాటు నాలుగు పనికొచ్చే సంగతులు కూడా ఉంటాయి.

నాకు కుడి వైపు కింది దవడ పన్ను పుచ్చింది. మొదట్లో చల్లటి నీళ్లు తగిలితే జివ్వుమనేది. ఎడమ వైపు నమలడం అలవాటు చేసుకున్నాను. లవంగం నొక్కిపెట్టుకున్నాను. మందుల షాపులో కుర్రవాణ్ణి అడిగి బిళ్లలు మింగాను. పన్నుదేముందిలే, తగ్గుతుందిలే అనుకుంటూ ఎనిమిది నెలలు గడిపాను. ఒక రాత్రి పడుకోగానే పోటు మొదలైంది. లేచి కూర్చుంటే కాస్త నయం, పడుకుంటే ప్రాణం పోతోంది. తెల్లవారేదాకా వీధి అరుగు మీద కూర్చున్నాను.

మర్నాడు మా ఊళ్లోనే ఒక క్లినిక్‌కి వెళ్లాను. డాక్టరుగారు చూసి, పన్ను నిలబడాలంటే రూట్ కెనాల్ చెయ్యాలి, ఆ పైన క్యాప్ వెయ్యాలి అన్నారు. ఆయన చెప్పినదాంట్లో తప్పేమీ లేదు. చెప్పిన ఖర్చు మాత్రం నా నెల పింఛనులో మూడో వంతు. మరి పీకించేస్తే ఎంతవుతుందండీ అని అడిగాను. దానికి కొద్దిగానే అవుతుందన్నారు.

ఇక్కడ ఒక్క క్షణం ఆలోచించండి. పన్ను పీకించడానికి వందలు, నిలబెట్టుకోవడానికి వేలు. చేతిలో వందలే ఉన్నవాళ్లు ఏం చేస్తారు? పీకించుకుంటారు. ఒక పన్ను పోతే పక్కవి ఆ ఖాళీలోకి వాలతాయి, ఎదురు పన్ను ఆ సందులోకి దిగుతుంది, నమలడం దెబ్బతింటుంది. ఆరోగ్య బీమా ఉన్నా, ప్రమాదంలో దెబ్బ తగిలితే తప్ప మామూలు పళ్ల వైద్యానికి సాధారణంగా డబ్బు రాదు. అందుకే పళ్ల దగ్గరకొచ్చేసరికి ఉన్నవాడూ లేనివాడూ అన్న తేడా నవ్వితే కనబడిపోతుంది.

పీకించేసుకుందామనే నిశ్చయానికి వచ్చి ఇంటికి నడుస్తుంటే మా పక్కింటాయన ఎదురయ్యాడు. ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. నా దవడ చూసి, సంగతి విని, "మాస్టారూ, తొందరపడకండి. మా ఆవిడ పళ్ల సెట్టు డెంటల్ కాలేజీలోనే కట్టించాం. రేపు పొద్దున బస్సెక్కి వెళ్లండి, టిఫిను తిని మరీ వెళ్లండి" అన్నాడు.

మా ఆవిడకు ఈ మాట నచ్చలేదు. "ఏవండీ, పిల్లలు నేర్చుకునే చోట మీ నోరు అప్పగిస్తారా?" అంది. నేను ఉద్యోగంలో చేరిన మొదటి రోజు నా క్లాసులో కూర్చున్నదీ ఎవరో కన్నపిల్లలే కదా అన్నాను. ఆవిడ నవ్వలేదు కానీ టిఫిను మాత్రం పెట్టింది.

డెంటల్ కాలేజీ అంటే ఏమిటో ముందు చెప్పుకుందాం. పళ్ల డాక్టరు కావాలంటే నాలుగేళ్లు చదివి, ఐదో ఏడు హౌస్ సర్జన్‌గా పని చెయ్యాలి. మొదటి రెండేళ్లు రోగి దగ్గరకు రానివ్వరు. తీసేసిన పళ్ల మీద, బల్లకు బిగించిన తల బొమ్మల మీద చెయ్యి తిప్పుకోవాలి. మూడో ఏట నుంచి మనుషులకు వైద్యం. ఎన్ని పళ్లు తీశారు, ఎన్ని నింపారు, ఎన్ని సెట్లు కట్టారు అన్నది ఒక్కో విద్యార్థి పుస్తకంలో లెక్క రాయాలి. ఆ లెక్క పూర్తి కాకపోతే పరీక్షకు దారి లేదు. అంటే మనకు వాళ్లు ఎంత అవసరమో, వాళ్లకు మనమూ అంతే అవసరం. డెంటల్ కాలేజీ నడవాలంటే రోజూ ఇంతమంది రోగులు రావాలన్న నిబంధన కూడా ఉంటుంది. ప్రైవేటు కాలేజీల్లో సైతం ధర తక్కువ ఉండటానికి కారణం ఇదే. కొన్ని కాలేజీలు చుట్టుపక్కల ఊళ్లకు బస్సులు పంపి మరీ రోగుల్ని తీసుకువెళతాయి. ఉచితంగా బస్సు పెట్టారంటే ఇందులో ఏదో మోసం ఉందని అనుమానించేవాళ్లు మా ఊళ్లోనూ ఉన్నారు. మోసం లేదండీ, అవసరం ఉంది.

సరే, వెళ్లాను. తొమ్మిదింటికి ఓపీ చీటీ రాయించుకున్నాను. అప్పటికే ఎనభై మంది దాకా ఉన్నారు. బిడ్డను చంకనేసుకున్న తల్లి, పళ్లన్నీ రాలిన తాతలు, దవడ వాచిన ఆటో డ్రైవరు, పళ్లు ఎత్తుగా ఉన్నాయని పెళ్లికి ముందే సరిచేయించుకోవడానికి వచ్చిన అమ్మాయి. మొదట అందరినీ ఒకే విభాగానికి పంపుతారు. అక్కడ నోరంతా చూసి, ఎవరు ఏ విభాగానికి వెళ్లాలో రాస్తారు. పన్ను తీయించడానికి ఒకటి, పన్ను నింపి నిలబెట్టడానికి ఒకటి, చిగుళ్లకు ఒకటి, కట్టుడు పళ్లకు ఒకటి, వంకర పళ్లకు ఒకటి, చిన్నపిల్లలకు ఒకటి, ఇలా ఒక్కో పనికి ఒక్కో విభాగం. క్లినిక్‌లో ఒక్కరే చూసే పనిని ఇక్కడ ఆరేడు చోట్ల, ఆయా పనుల్లోనే తలపండినవాళ్ల కనుసన్నల్లో చూస్తారు.

మూడో సంవత్సరం చదివే అమ్మాయి నా ముందు కూర్చుని కాగితం తీసింది. "మీ బాధ ఏంటో మీ మాటల్లోనే చెప్పండి సార్" అంది. రోగి మాటల్లోనే రాసుకోవాలన్నది వాళ్లకు నేర్పే మొదటి నియమమట. ముప్పై ఏళ్లు మాటలతో బతికినవాణ్ణి, ఇంతకంటే ఏం కావాలి? నొప్పికి మన తెలుగులో ఎన్ని మాటలున్నాయో ఆ పిల్లకు చెప్పాను. జివ్వుమనడం వేరు, పోటు వేరు, సలుపు వేరు, గుంజడం వేరు.

ఇది నా తెలుగు పిచ్చి అనుకోకండి. ఈ మాటల్లోనే జబ్బు ఎంత దూరం వచ్చిందో తెలుస్తుంది. చల్లటిది తగిలినప్పుడు జివ్వుమని, తీసేయగానే తగ్గిపోతే పన్ను లోపలి నరం ఇంకా బాగానే ఉందన్నమాట. పుచ్చు తీసి నింపితే చాలు, చిన్న ఖర్చుతో పోతుంది. చల్లటిదో వేడిదో తగిలాక చాలాసేపు పోటు పెడుతూ, రాత్రి పడుకుంటే ఎక్కువవుతూ ఉంటే నరం చెడిపోయిందన్నమాట. అప్పుడు పన్ను నిలబడాలంటే రూట్ కెనాల్ తప్పదు. అన్నం నమిలినప్పుడు, పన్నుతో పన్ను తాకినప్పుడు నొప్పి అంటే జబ్బు వేరు కొస దాటి ఎముక దగ్గరకు చేరి ఉండవచ్చన్నమాట. అంటే నాకు జివ్వుమన్న నాడే వెళ్లి ఉంటే ఒక పూటలో తేలిపోయేది. పోటు దాకా ఆగాను కాబట్టి ఆరు సార్లు తిరగాల్సి వచ్చింది. శ్రోతల్లో ఎవరికైనా ఇప్పుడు పన్ను జివ్వుమంటూ ఉంటే ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి.

ఆ అమ్మాయి అద్దం పెట్టి చూసి, పక్కనున్న కుర్రవాడితో "ఫార్టీ సిక్స్" అంది. లేదమ్మా, నాకు అరవై ఒకటి అన్నాను. ఇద్దరూ నవ్వారు. అది నా వయసు కాదట, పన్ను నంబరు. నోటిని నాలుగు భాగాలు చేస్తారు. పై కుడి ఒకటి, పై ఎడమ రెండు, కింది ఎడమ మూడు, కింది కుడి నాలుగు. ఒక్కో భాగంలో ముందు పన్ను నుంచి వెనక్కి ఒకటి నుంచి ఎనిమిది దాకా లెక్క. నాలుగో భాగంలో ఆరో పన్ను కాబట్టి 46. ఈ పన్ను మనకు ఆరేళ్ల వయసులో వస్తుంది. పాలపళ్లు ఇంకా ఊడకముందే వాటి వెనక నుంచి మొలుస్తుంది కాబట్టి ఇదీ పాలపన్నేననుకుని తల్లిదండ్రులు పట్టించుకోరు. ఊడిపోయేదే కదా అని వదిలేస్తారు. అది ఊడితే మళ్లీ రాదు. మీ ఇంట్లో ఆరేడేళ్ల పిల్లలుంటే ఇవాళ రాత్రే దీపం వెలుతురులో వాళ్ల వెనక పళ్లు చూడండి.

ఇక అసలు వైద్యం. నా పన్ను చూసింది ఫైనలియర్ చదివే అమ్మాయి. మత్తు ఇంజక్షన్ ఇచ్చే ముందు తన పేరు చెప్పింది, ఏం చెయ్యబోతోందో చెప్పింది, ఫలానా మేడమ్ వచ్చి చూశాకే మొదలుపెడతానంది. నేను నోరు తెరిచి పాఠం చెప్పినన్ని రోజులూ ఎదుటివాళ్లు మాట్లాడకుండా వినేవారు. ఇప్పుడు నోరు తెరిచి పడుకున్నాను, మాట్లాడే వీలు నాకే లేదు. అయినా పాఠం మాత్రం నా నోట్లోనే జరుగుతోంది.

కింది దవడ పన్నుకు మామూలుగా రెండు వేర్లుంటాయి. ఆ వేర్లలో సన్నటి కాలువలుంటాయి. వాటిలోని చెడిపోయిన నరాన్ని తీసి, శుభ్రం చేసి, మళ్లీ క్రిములు చేరకుండా మూసెయ్యడమే రూట్ కెనాల్. ఆ అమ్మాయి మూడు కాలువలు కనిపెట్టి, మేడమ్‌ని పిలిచింది. మేడమ్ వంగి చూశారు. "ఇంకోటి ఉందేమో వెతుకు" అని చెప్పి పక్క కుర్చీ దగ్గరకు వెళ్లిపోయారు. ఎక్కడుందో ఆవిడ చూపించలేదు. క్లాసులో నేనూ అలాగే చేసేవాణ్ణి. జవాబు తెలిసినా చెప్పకుండా కిటికీ దగ్గరకు వెళ్లి నిలబడేవాణ్ణి. ఆ అమ్మాయి ఇరవై నిమిషాలు వెతికింది. నా దవడ లాగేసింది. చివరికి నాలుగోది దొరికింది. ఆ పిల్ల కళ్లలో వెలుగు మాస్కు పైనుంచి కూడా కనిపించింది. ఆ నాలుగో కాలువ వదిలేసి ఉంటే కొన్నాళ్లకు పన్ను మళ్లీ పోటెత్తి ఉండేదేమో.

అప్పుడు నాకు అర్థమైంది, ఇక్కడ మనం డబ్బుకు బదులు ఏం ఇస్తున్నామో. టైము ఇస్తున్నాం. ఆ ఇరవై నిమిషాలు ఆ అమ్మాయికి నేనిచ్చాను. ఆ తరవాత ఇరవై ఏళ్లు నా పన్ను నిలబడే ఏర్పాటు తను చేసింది.

ప్రతి దశలోనూ సంతకాలే. నరం తీశాక సంతకం, కాలువ పొడుగు కొలిచాక ఎక్స్‌రే, దాని మీద సంతకం, మూసేశాక మళ్లీ సంతకం. ఒక రోజు ఎక్స్‌రేలో కొలత సరిగా రాలేదని మేడమ్ మూడు సార్లు మళ్లీ తీయించారు. మరో రోజు ఆ అమ్మాయి వేసిన తాత్కాలిక సిమెంటు బాగాలేదని తీయించి, మళ్లీ వేయించారు. ఆ రోజు ఇంటికి చేరేసరికి మధ్యాహ్నం రెండున్నర. విసుగొచ్చిందా అంటే వచ్చింది. నాకు విసుగొచ్చిందని నోటు పుస్తకాల్లో తప్పులు దిద్దకుండా సంతకం పెట్టిన రోజులు కొన్ని గుర్తొచ్చి నోరు మూసుకున్నాను. అదీ వాళ్లు మూసుకోమన్నప్పుడే లెండి.

మొత్తం ఆరు సార్లు వెళ్లాను. రూట్ కెనాల్‌కి నాలుగు సార్లు, క్యాప్ కొలతకు ఒకసారి, బిగించడానికి ఒకసారి. అన్నీ కలిపి క్లినిక్‌లో చెప్పిన దాంట్లో నాలుగో వంతు కూడా కాలేదు. బస్సు ఛార్జీలు వేరు.

ఇప్పుడు కష్టాలు కూడా చెప్పాలి. చెప్పకపోతే మీరు వెళ్లొచ్చి నన్ను తిట్టుకుంటారు.

మొదటి కష్టం, నేను చెప్పినట్టు టైము. క్లినిక్‌లో ముప్పావుగంట పని ఇక్కడ రెండు గంటలు. రోజు కూలి పోగొట్టుకుని వెళ్లేవాళ్లకు ఇది చిన్న సంగతి కాదు. పోయిన కూలీ, బస్సు ఖర్చూ కలుపుకుని లెక్క వేసుకోండి. చిన్న ఫిల్లింగుకైతే దగ్గర్లోని క్లినిక్కే చవక పడవచ్చు. పెద్ద పనికి మాత్రం కాలేజీయే లాభం.

రెండో కష్టం, విద్యార్థులు మారిపోవడం. కొన్ని వారాలకొకసారి వాళ్లు ఒక విభాగం నుంచి మరో విభాగానికి వెళతారు. పరీక్షలొస్తాయి, సెలవులొస్తాయి. మీ పని సగంలో ఉండగా మీ విద్యార్థి వెళ్లిపోవచ్చు. అందుకని మొదటి రోజే అడగండి. బాబూ, ఈ పని పూర్తయ్యేదాకా నువ్వే ఉంటావా, లేకపోతే ఎవరు చూస్తారు అని. మీ ఓపీ నంబరూ కాగితాలూ జాగ్రత్తగా పెట్టుకోండి. నరం తీసి తాత్కాలిక సిమెంటు పెట్టిన పన్నును నొప్పి తగ్గింది కదా అని వదిలేసేవాళ్లు బోలెడుమంది. అది పెద్ద పొరపాటు. సిమెంటు అరిగి లోపలికి మళ్లీ క్రిములు చేరతాయి. అప్పుడు చేసినదంతా వృథా.

మూడో సంగతి, అన్నీ ఉచితం కాదు. ప్రభుత్వ కాలేజీలో నామమాత్రపు ఖర్చుతో అయిపోయే పనులు చాలా ఉన్నాయి. క్యాపులు, వంకర పళ్లకు తీగలు, ఇంప్లాంట్లు వంటివాటికి ఎక్కడైనా సామానుకూ ల్యాబుకూ డబ్బవుతుంది. మొత్తం ఎంతవుతుంది, ఎన్నిసార్లు రావాలి అన్నది మొదలుపెట్టకముందే అడిగి కాగితం మీద రాయించుకోండి. అడగడం మర్యాద తక్కువేమీ కాదు.

నాలుగోది కష్టం కాదు, మీ హక్కు. మీకు వైద్యం చేసేది ఏ సంవత్సరం విద్యార్థి అని అడగవచ్చు. మీ నోట్లో చెయ్యి పెట్టకముందే సీనియర్ చూడాలని కోరవచ్చు. సంతకం పెట్టే కాగితంలో ఏముందో తెలుగులో చెప్పమనవచ్చు. అడ్డంగా ఉన్న జ్ఞాన దంతం తియ్యడం, దవడ ఎముక పని, అంతకు ముందు ఎక్కడో చేసి చెడిన రూట్ కెనాల్ వంటివి ఎటూ పీజీలూ ప్రొఫెసర్లూ చూస్తారు.

కట్టుడు పళ్ల సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే వింటున్నవాళ్లలో నా వయసువాళ్లు ఎక్కువ. పూర్తి సెట్టు ఒక్కరోజులో రాదు. మొదట చిగుళ్ల కొలత, తరవాత దానికి తగ్గ అచ్చుతో అసలు కొలత, ఆ పైన పై దవడకీ కింది దవడకీ పొంతన చూడటం, తరవాత మైనంలో పళ్లు అమర్చి నోట్లో పెట్టి చూడటం, చివరికి సెట్టు ఇవ్వడం. ఐదారు సార్లు వెళ్లాలి. సెట్టు ఇచ్చాక పుండ్లు పడితే అరగదీయించుకోవడానికి మళ్లీ వెళ్లాలి. మైనం పళ్లు పెట్టి చూపించినప్పుడు అద్దం అడిగి నవ్వి చూసుకోండి. ఏ మార్పు చెప్పినా అప్పుడే చెప్పాలి. ఆ పైన మారదు. మా పక్కింటావిడ ఆ రోజు మొహమాటపడి బాగానే ఉందండీ అంది. ఇప్పటికీ పళ్లు మరీ తెల్లగా ఉన్నాయని గొణుగుతూనే ఉంటుంది. అయితే ఆ పళ్లతోనే జంతికలు నములుతూ గొణుగుతుంది.

కాలేజీ అంటే భయపడి సంతలో పెట్టె పెట్టుకుని కూర్చున్నవాడి దగ్గరకు వెళ్లేవాళ్లు ఇంకా ఉన్నారు. పంటి పురుగు తీస్తామని చెవి దగ్గర, దవడ దగ్గర చెయ్యాడించి తెల్లటి పురుగు చూపించేవాళ్లను మీరూ చూసే ఉంటారు. పంటిలో పురుగుండదండీ. పుచ్చు అనేది కంటికి కనిపించని క్రిముల పని. మనం తినే తీపీ పిండీ అవి తిని ఆమ్లం వదులుతాయి, ఆ ఆమ్లం పంటిని తినేస్తుంది. ఆ పురుగు వాడి వేళ్ల సందులోంచి వచ్చింది. ఇంకొందరు ఊడిన పన్ను చోట పక్క పళ్లకు తీగ చుట్టి, ఏదో ముద్ద పూసి గంటలో పన్ను కడతారు. కడిగీ కడగని సామాను ఒకరి నోట్లోంచి ఇంకొకరి నోట్లోకి పోతుంది. దాంతో కామెర్లు తెచ్చే హెపటైటిస్ బి లాంటివి అంటవచ్చు. కాలేజీ విద్యార్థి చెయ్యి కొత్తదే కావచ్చు, వెనక అనుభవమున్న కన్ను ఉంటుంది. సంతలోవాడి వెనక ఎవరున్నారు?

ఇంకా రెండు అపోహలు. పై పన్ను తీయిస్తే కళ్లు పోతాయంటారు. పోవు. కంటి నరానికీ పంటికీ ఆ సంబంధం లేదు. క్లీనింగ్ చేయిస్తే పళ్లు కదులుతాయంటారు. చిగుళ్లు ముందే జారిపోయి, గార పట్టి ఉండటంవల్ల పళ్లు గట్టిగా ఉన్నట్టనిపిస్తాయి, గార తీసేస్తే అసలు సంగతి బయటపడుతుంది. కదలిక క్లీనింగ్ తెచ్చింది కాదు, ఆలస్యం తెచ్చింది.

ఈ కాలేజీల చరిత్రలో ఒక చమత్కారం ఉంది. మన దేశంలో మొదటి డెంటల్ కాలేజీ 1920లో కలకత్తాలో పుట్టింది. పెట్టినాయన డాక్టర్ రఫీయుద్దీన్ అహ్మద్. అమెరికాలో చదువుకుని వచ్చారు. కాలేజీ నడపడానికి డబ్బెలా? న్యూయార్క్ సోడా ఫౌంటెన్ అని ఐస్‌క్రీము దుకాణం పెట్టి, దాని రాబడితో నడిపారు. పళ్లు పాడుచేసే తీపితో పళ్లు బాగుచేసే చదువు నిలబెట్టారన్నమాట. 1949లో ఆ కాలేజీని ప్రభుత్వానికి అప్పగించారు. ఇప్పుడు అది ఆయన పేరుతోనే ఉంది. పళ్ల వైద్యులకు ప్రత్యేక చట్టం 1948లో వచ్చింది. ఇప్పుడు దేశంలో 300కు పైగా డెంటల్ కాలేజీలున్నాయి. ప్రభుత్వ డెంటల్ కాలేజీలు మనకు హైదరాబాదు అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా ఆసుపత్రి పక్కన, విజయవాడలో, కడపలో ఉన్నాయి. ప్రైవేటువి విశాఖపట్నం, రాజమహేంద్రవరం, అమలాపురం, భీమవరం, ఏలూరు, గుంటూరు, నెల్లూరు, తిరుపతి, కర్నూలు, ఖమ్మం, నార్కట్‌పల్లి, సంగారెడ్డి, మహబూబ్‌నగర్, వికారాబాద్, నిజామాబాద్, ఇలా చాలాచోట్ల ఉన్నాయి. మీలో చాలామందికి ఒకటి రెండు గంటల బస్సు ప్రయాణంలో ఏదో ఒకటి ఉంటుంది.

పంటి నొప్పి లేకపోయినా అక్కడికి వెళ్లాల్సినవాళ్లున్నారు. గుట్కా, ఖైనీ, జర్దా, చుట్ట అలవాటున్నవాళ్లు. శ్రీకాకుళం, విశాఖ తీరాల్లో అడ్డపొగ అలవాటుంది కదా. చుట్ట వెలిగించిన కొసను నోటి లోపల పెట్టుకుని పీలుస్తారు. ఎక్కువగా ఆడవాళ్లకు ఉండే అలవాటిది. ఆ వేడీ పొగా నేరుగా అంగిటికి తగిలి, అక్కడ క్యాన్సర్ వస్తుందని దశాబ్దాల కిందటే ఆ ప్రాంతంలో పరిశోధించిన డాక్టర్లు చెప్పారు. నోట్లో తెల్ల మచ్చగానీ ఎర్ర మచ్చగానీ ఉన్నా, రెండు వారాలకు మానని పుండు ఉన్నా, నోరు మునుపటిలా తెరుచుకోకపోయినా ఆలస్యం చెయ్యకండి. నొప్పి లేదు కదా అనుకోకండి. మొదట్లో క్యాన్సర్‌కు సాధారణంగా నొప్పి ఉండదు. డెంటల్ కాలేజీలో అందరినీ మొదట పంపే విభాగం ఉంది చూశారా, ఆ మచ్చలు గుర్తుపట్టడమే వాళ్ల చదువు.

వెళ్లేవాళ్లు ఏం తీసుకువెళ్లాలి? ఆధార్ కార్డు, పాత ఎక్స్‌రేలు ఉంటే అవి, రోజూ వేసుకునే మందుల చీటీ. బీపీ, షుగరు, గుండె జబ్బు, ఫిట్స్, గర్భం, ఏ మందు పడదు అన్నవి అడగకపోయినా చెప్పండి. రక్తం పలచబడటానికి మందు వాడేవాళ్లు పన్ను తీయించాలని సొంతంగా దాన్ని ఆపకండి, డాక్టరునడిగి చెయ్యండి. ఖాళీ కడుపుతో వెళ్లకండి. ముఖ్యంగా షుగరున్నవాళ్లు టిఫిను తిని, మందు వేసుకుని వెళ్లండి. కొత్త చీట్లు చాలాచోట్ల మధ్యాహ్నం దాకానే రాస్తారు కాబట్టి పొద్దున్నే చేరండి.

పన్ను తీయించుకున్నవాళ్లు అక్కడ పెట్టిన దూదిని అరగంట పైన గట్టిగా కొరికి పట్టుకోండి. ఆ రోజంతా మాటిమాటికీ ఉమ్మకండి, పొగ తాగకండి. గడ్డ కట్టిన రక్తం ఊడిపోతే పుండు మానక విపరీతమైన నొప్పి వస్తుంది. దవడ వాపు మెడ దాకా దిగినా, మింగడం, ఊపిరి తీసుకోవడం కష్టమైనా, జ్వరంతో నోరు తెరుచుకోకపోయినా మాత్రం ఓపీ కోసం తెల్లవారేదాకా ఆగకండి. వెంటనే పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లండి.

నా కథ ఎలా ముగిసిందో చెప్పి సెలవు తీసుకుంటాను. క్యాప్ బిగించిన రోజున ఆ అమ్మాయి తన లెక్కల పుస్తకంలో నా పన్నుకు ఎదురుగా మేడమ్‌తో చివరి సంతకం పెట్టించుకుంది. ఆ పేజీ నాకు చూపించింది. తేదీ, ఓపీ నంబరు, 46, సంతకం. బడిలో ఎన్నో వేల సంతకాలు పెట్టినవాణ్ణి, నా మీద పెట్టిన సంతకం చూడటం అదే మొదలు. "మాస్టారూ, ఇక కుడి వైపు నమలండి" అంది. ఎనిమిది నెలలు దాటాక ఆ రోజు కుడి వైపు నమిలాను. వేయించిన శనగలే నమిలాను.

వింటున్న మీలో డబ్బు లేక పన్ను పీకించుకోవాలనుకుంటున్నవాళ్లు ఎవరైనా ఉంటే, పీకించుకునే ముందు ఒక్కసారి మీకు దగ్గర్లో ఉన్న డెంటల్ కాలేజీకి వెళ్లి చూపించుకోండి. మీ ఇంట్లో పెద్దవాళ్లుంటే తోడుగా వెళ్లండి. సోమవారం పొద్దున టిఫిను తిని బయల్దేరండి. మీ కోసం అక్కడ ఒక విద్యార్థి ఖాళీ కుర్చీ పక్కన నిలబడి ఎదురుచూస్తూ ఉంటాడు.